కార్ రేస్ మధ్యలో వాన పడితే గెలుపెవరిది? నాస్కార్ రూల్ ఇదీ

కళ్లంలో మిర్చి ఆరబోసిన గుంటూరు రైతు చూపంతా మబ్బు మీదే ఉంటుంది. అమెరికాలో స్టాక్ కార్ రేసులు ఆడే టీమ్‌లదీ ఇంచుమించు అదే పరిస్థితి. రాడార్‌లో మబ్బు ఎటు కదులుతుందో చూస్తూనే పెట్రోల్, టైర్ల లెక్కలు వేస్తారు. ఎందుకంటే అక్కడ వాన ఆట ఆపడంతో సరిపెట్టదు, ఒక్కోసారి విజేతను కూడా తేల్చేస్తుంది.

షోరూమ్‌లో అమ్మే కార్లతోనే మొదలైన పోటీలు కాబట్టి వీటికి స్టాక్ కార్ రేసులనే పేరు వచ్చింది. వీటిని నడిపే పెద్ద సంస్థ నాస్కార్. 1948లో మొదలైంది. ఇప్పటి కార్లు మాత్రం రేస్ కోసమే తయారవుతాయి.

సగం దాటిందా? అయితే రిజల్ట్ ఖాయం

వన్డే క్రికెట్‌లో రెండో జట్టు కనీసం 20 ఓవర్లు ఆడితేనే ఫలితం లెక్కలోకి వస్తుంది కదా. నాస్కార్‌లో సగం ల్యాప్‌లు పూర్తవ్వాలి. 2017లో రేసును స్టేజ్‌లుగా విడగొట్టాక, రెండో స్టేజ్ ముందే ముగిస్తే అదీ చాలు. ఆ తర్వాత వాన తగ్గకపోతే రేస్ అక్కడితో క్లోజ్. డక్‌వర్త్ లూయిస్ లాంటి ఫార్ములా ఏమీ లేదు. ఆపే సమయానికి ముందున్నవాడే విన్నర్, పాయింట్లు కూడా ఫుల్లే.

2003 డేటోనా 500లో 200 ల్యాప్‌లకు 109 మాత్రమే అయ్యాయి. మైకేల్ వాల్ట్రిప్ గెలిచాడు. 2009లో మాట్ కెన్సెత్ లీడర్ ఎలియట్ శాడ్లర్‌ను దాటిన కాసేపటికే వాన మొదలైంది. 152 ల్యాప్‌ల దగ్గర రేస్ ఆపేశారు. ఆ ఒక్క ఓవర్‌టేక్ ఇంకాస్త ఆలస్యమైతే ట్రోఫీ శాడ్లర్ ఇంటికి వెళ్లేదే.

పిట్‌లోకి వెళ్లాడు.. రేస్ పోయింది!

అన్నింటికంటే విచిత్రం 2019 జులై 7న డేటోనాలోనే జరిగింది. పెద్ద యాక్సిడెంట్ తర్వాత కార్లన్నీ పసుపు జెండా కింద నెమ్మదిగా తిరుగుతున్నాయి. ముందున్నది మాజీ చాంపియన్ కర్ట్ బుష్. రేస్ మళ్లీ మొదలవుతుందని సంకేతం రావడంతో అతను పిట్‌లోకి వెళ్లాడు. కాసేపటికే దగ్గర్లో మెరుపు కనిపించింది, రేస్ ఆపేశారు. పిట్‌కు వెళ్లకుండా ట్రాక్ మీదే ఉండిపోయిన 20 ఏళ్ల జస్టిన్ హేలీ లీడర్ అయిపోయాడు!

మెరుపు పడితే 30 నిమిషాలు ఆగాలి. మళ్లీ మెరిస్తే ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి. రెండు గంటలకు పైగా ఎదురుచూశారు, చివరికి వానే వచ్చింది. 160 ల్యాప్‌లలో 127 దగ్గర రేస్ ముగిసినట్టు ప్రకటించారు. హేలీకి అది టాప్ సిరీస్‌లో మూడో రేస్ మాత్రమే. అతని టీమ్ స్పైర్ మోటార్‌స్పోర్ట్స్‌కు అదే తొలి గెలుపు. బుష్ చేసిన తప్పేమీ లేదు, అధికారుల మాట నమ్మాడంతే.

తడిలో ఎందుకు నడపరు?

డేటోనా మలుపుల్లో ట్రాక్ 31 డిగ్రీలు వాలుగా ఉంటుంది. స్పీడ్ గంటకు 300 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. టైర్లకు గాడులు ఉండవు కాబట్టి నీటి మీద పట్టు దొరకదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లకు గాడులున్న టైర్లే, ఎండకూ వానకూ అవే.

ఫార్ములా వన్‌లోనూ వాన గొడవ లేకపోలేదు. 2021 ఆగస్టు 29న బెల్జియంలో సేఫ్టీ కార్ వెనకాలే కొన్ని ల్యాప్‌లు తిప్పి వెర్‌స్టాపెన్‌ను విజేతగా ప్రకటించారు. అయితే ఇచ్చింది సగం పాయింట్లే. అసలు రేసే జరగలేదని ఫ్యాన్స్ మండిపడ్డారు. తర్వాత పాయింట్ల రూల్ మార్చారు.

నాస్కార్ కూడా కొంత మారింది. 2021 మేలో ఆస్టిన్ రోడ్ ట్రాక్‌పై తడి టైర్లతోనే నడిపారు. అక్కడా వాన ఎక్కువై 68 ల్యాప్‌లకు 54 దగ్గర ఆపారు, చేజ్ ఇలియట్ గెలిచాడు. 2024 జూన్ 23న న్యూ హాంప్‌షైర్‌లోని చిన్న ఓవల్ ట్రాక్‌పై వాన తర్వాత తడి టైర్లు వేసి రేస్ పూర్తి చేశారు, క్రిస్టఫర్ బెల్ గెలిచాడు. డేటోనా లాంటి స్పీడ్ ట్రాక్‌లకు మాత్రం తడి టైర్లు వాడరు. అక్కడ ట్రక్కులకు బిగించిన జెట్ ఇంజిన్ల వేడిగాలితో ట్రాక్ ఆరబెడతారు, అది ఆరేదాకా అందరూ ఆగాల్సిందే.