ఘర్‌ఫోడీ తర్వాత: కామాఠీపురా ఇళ్ళు, పోలీసు కాగితాలు

గ్రాంట్ రోడ్ వైపు పెరిగిన మన కుటుంబాల్లో పెద్దవాళ్ళు పాత ముచ్చట్లు మొదలుపెడితే ఒక దొంగతనం కథ తప్పకుండా వస్తుంది. ఏం పోయింది అన్నది రెండు మాటల్లో అయిపోతుంది. ఠాణా చుట్టూ ఎన్నిసార్లు తిరిగారు అన్నదే అసలు కథ. మన వాళ్ళు ఈ ఊళ్ళో ఎట్లా బతికారో దాంట్లో చాలా కనబడుతుంది కాబట్టి రాసి పెడుతున్నాను.

నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకు వచ్చిన కామాఠీలు 18వ శతాబ్దం చివరి నుంచి ఇక్కడ స్థిరపడ్డారు. పేటకు పేరు కూడా వాళ్ళదే. తర్వాత మిల్లుల కోసం పద్మశాలీలు, ఇంకా ఎందరో తెలంగాణ పల్లెల నుంచి వచ్చారు. ఒక ఖోలీ, ఒక చెక్క తలుపు, ఒక తాళం, మంచం కింద ఇనప పెట్టె. కాపలా అంటే పక్కింటి వాళ్ళ కళ్ళే. మే నెలలో పెళ్ళిళ్ళకని, దసరాకని చాళ్‌లో సగం మంది ఊళ్ళకు పోతే ఆ కళ్ళు కూడా తగ్గిపోయేవి. ఘర్‌ఫోడీలు ఎక్కువగా అప్పుడే.

ఈ నగరంలో కాపలా చరిత్ర పాతదే. 1669లో గవర్నర్ జెరాల్డ్ ఆంజియర్ భండారీలతో ఒక దళం పెట్టాడు. 1864లో ఫ్రాంక్ సౌటర్ పోలీసు కమిషనర్ అయ్యి 1888 దాకా ఉన్నాడు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బొంబాయి, కలకత్తా నగరాల పోలీసులను తన పరిధిలోంచి తప్పించింది. బొంబాయి పోలీసుకు 1902లో వేరే చట్టం వచ్చింది. అదే ఏడు ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన వేసిన పోలీసు కమిషన్ దేశం మొత్తం తిరిగి చూసి, పోలీసు శాఖకు శిక్షణ చాలదు, ప్రజలకు దాని మీద నమ్మకం లేదు అని తేల్చింది. మన తాతలు ఠాణా మెట్లు ఎక్కడానికి వెనకాడారంటే అది ఉత్త పిరికితనం కాదన్నమాట.

మా ఇంటి సంగతి 1986 మే నెలది. నిజామాబాద్ జిల్లాలో పెళ్ళికి పోయి వచ్చేసరికి గొళ్ళెం ఊడి ఉంది, పెట్టె తెరిచి ఉంది. నాయినమ్మ వెండి కడియాలు, బంగారు గుండ్లు, అమ్మ కమ్మలు పోయాయి. వాటితో పాటు భాడా పావతీల కట్ట కూడా పోయింది. బాపు ఠాణాకు పోతే ముందు ఉత్త అర్జీ తీసుకుని పంపించారు. మూడో రోజు మరాఠీ వచ్చిన పొరుగాయన తోడు వెళ్తేనే ఎఫ్.ఐ.ఆర్. రాశారు. హవల్దారు వచ్చి ఇద్దరు పంచుల ముందు పంచనామా చేశాడు. మరాఠీలో రాసిన కాగితం కింద బాపు తెలుగులో సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ప్రతి సోమవారం పోయేవాడు. పోయిన ప్రతిసారీ అరపూట కూలి పోయేది. "తపాస్ చాలూ హై" అనేవాళ్ళు. కొన్నాళ్ళకు సాహెబ్ బదిలీ అయ్యాడన్నారు. కొత్త సాహెబ్‌కు కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. "దొంగ దొర్కకపోతె పాయె బిడ్డా, దొర్కలేదని ఒక్క మాట చెప్తె ఏం పోతది?" అనేది నాయినమ్మ. కేసు ఎప్పుడో మూసేశారని ఏడాదిన్నర తర్వాత ఒక వకీలు గుమాస్తా కనుక్కుని చెప్పాడు. ఇంటికి ఒక్క చీటీ రాలేదు.

దాన్ని 'ఏ సమ్మరీ' అంటారు. మన రాష్ట్రంలో పోలీసులు ఛార్జిషీటు వెయ్యలేని కేసులను మూడు రకాలుగా మూసి మేజిస్ట్రేటుకు పంపుతారు. నేరం నిజమే కానీ నేరస్తుడు దొరకలేదంటే ఏ. కావాలని పెట్టిన అబద్ధపు ఫిర్యాదు అయితే బి. పొరపాటు వల్లనో, సివిల్ తగాదా కావడం వల్లనో పెట్టిన ఫిర్యాదు అయితే సి. దొంగ దొరకకపోవడం అర్థం చేసుకోవచ్చు. బంగారం కరిగిస్తే గుర్తుపట్టలేం. ఒక్కో ఠాణా మీద ఎంత భారం ఉంటుందో చూస్తూనే ఉన్నాం. కానీ కేసు మూసేముందు ఫిర్యాదిదారుకు చెప్పాలి, అతని మాట వినాలి అని సుప్రీంకోర్టు 1985లోనే, భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. మా కేసు ఆ తీర్పు తర్వాతిది. చేతగాక చెయ్యని పని వేరు, చెప్పాల్సింది చెప్పకపోవడం వేరు.

ఇప్పుడు చట్టం ఇంకా గట్టిగా ఉంది. దొంగతనం లాంటి నేరం చెప్తే ఎఫ్.ఐ.ఆర్. రాయాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో అయిదుగురు జడ్జీల బెంచి తీర్పిచ్చింది. దొరికిన సొమ్మును ఏళ్ళ తరబడి ఠాణాలో ఉంచకుండా ఫోటోలు తీసి, బాండు రాయించుకుని సొంతదారుకు ఇవ్వాలని 2002లో సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో చెప్పారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం తపాసు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదిదారుకు తెలియజేయాలి. ఆ రోజు దాటితే రాసి అడగండి, ఆ కాగితం మీద ఠాణా ముద్ర వేయించుకోండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. ఎన్.సి. రాసి పంపిస్తే ఒప్పుకోకండి, ఇంట్లో దొంగతనం ఎన్.సి. కిందికి రాదు.

పావతీల విషయం కూడా చిన్నగా తీసుకోవద్దు. పగ్డీ ఖోలీలో మనం ఎప్పటి నుంచి ఉన్నామో చెప్పే రుజువు అవే. మ్హాడా చేతుల మీదుగా కామాఠీపురా పునర్నిర్మాణం మాట నడుస్తున్న ఈ రోజుల్లో వాటి విలువ నగల కన్నా ఎక్కువ. పోతే ఫిర్యాదులో వాటిని కూడా విడిగా రాయించాలి. బాపు పట్టుబట్టి రాయించాడు కాబట్టి మా తర్వాతి కాగితాలకు ఒక ఆధారం దొరికింది.

నాయినమ్మ నగల ఫోటో మా దగ్గర ఒక్కటి కూడా లేదు. ఏ నగ ఎన్ని తులాలు, ఎట్లా ఉండేది అన్నది ఆ పంచనామా నకల్లోనే మిగిలింది. మీ ఇళ్ళల్లో ఇట్లాంటి పాత నకళ్ళు ఉంటే, కేసు ఎప్పుడో పోయింది కదా అని పారెయ్యకండి.