డెబ్బై ఏడేళ్ళు మూసిన తలుపు

1561లో బ్రెమెన్ కేథడ్రల్ తలుపులు మూశారు. మళ్ళీ తెరిచింది 1638లో. మధ్యలో డెబ్బై ఏడేళ్ళు, ఊరి నడిబొడ్డున, సంత జరిగే మైదానం పక్కనే, అంత పెద్ద చర్చి పాడుబడి ఉంది. యుద్ధం వల్ల కాదు, అగ్నిప్రమాదం వల్ల కాదు. రొట్టె గురించి వచ్చిన తగాదా వల్ల.

కిందటి డిసెంబర్‌లో నేను బ్రెమెన్ వెళ్ళింది అందరిలాగే క్రిస్మస్ మార్కెట్ చూద్దామని. ఇంకో కారణం కూడా ఉంది. మాది కడియం. రాజమండ్రిలో లూథరన్ సంఘాన్ని మొదలుపెట్టింది గుంటూరు నుంచి వచ్చిన అమెరికన్లే అని మా వైపు చాలామంది అనుకుంటారు. నిజానికి వాళ్ళకంటే ముందు రాజమండ్రిలో దిగింది నార్త్ జర్మన్ మిషనరీ సొసైటీ వాళ్ళు. 1836లో హాంబర్గ్‌లో పుట్టిన ఆ సొసైటీ ఆఫీసు 1851 నుంచి బ్రెమెన్‌లోనే ఉంది.

ముందు మార్కెట్ సంగతి. బ్రెమెన్‌లో టౌన్‌హాలు, దాని ముందు 1404 నాటి రోలాండ్ రాతి విగ్రహం, ఆ పక్కన రెండు గోపురాల కేథడ్రల్. ఈ మూడింటి చుట్టూ చెక్క కొట్లు పెడతారు. వేయించి పంచదార పట్టించిన బాదంపప్పు, మసాలా వేసి కాచిన ద్రాక్షసారా, నూనెలో వేయించి పైన పంచదార పొడి జల్లే చిన్న చిన్న మైదా ముక్కలు. సారా పోసే కప్పుకి డిపాజిట్ కట్టించుకుంటారు, ఒకప్పుడు మన కిళ్ళీకొట్లో సోడా సీసాకి కట్టించుకున్నట్టే. జర్మనీలో ఇలాంటి సంతలు చాలా పాతవి. డ్రెస్డెన్‌లోది 1434 నుంచి నడుస్తోంది. లూథర్ వచ్చాక పునీతుల పండగలు తగ్గి, పిల్లలకి కానుకలిచ్చే రోజు డిసెంబర్ 6 నాటి సెయింట్ నికొలస్ పండగ నుంచి క్రిస్మస్‌కి జరిగింది. సంతలూ దానితో పాటే జరిగాయి. 1570లో స్ట్రాస్‌బర్గ్‌లో నికొలస్ పేరు తీసేసి, సంతకి బాలయేసు పేరు పెట్టారు.

అంటే ప్రొటెస్టెంట్లందరూ క్రిస్మస్‌ని నెత్తిన పెట్టుకున్నారని కాదు. కాల్విన్ దారిలో నడిచిన స్కాట్లాండ్‌లో 1958 దాకా డిసెంబర్ 25 సెలవు రోజే కాదు. లూథర్ వైపు వాళ్ళకీ కాల్విన్ వైపు వాళ్ళకీ మధ్య ఉన్న ఈ దూరమే బ్రెమెన్‌లో కేథడ్రల్ తలుపు మూయించింది.

తగాదా ఏమిటంటే, ప్రభువు బల్లలో ఇచ్చే రొట్టెలో క్రీస్తు శరీరం నిజంగా ఉంటుందని లూథర్ మాట. కాదు, విశ్వాసికి ఆత్మపరంగా దొరుకుతుంది తప్ప రొట్టెలో ఏమీ ఉండదని రెండోవాళ్ళ మాట. కేథడ్రల్‌లో 1547 నుంచి ప్రసంగిస్తున్న ఆల్బర్ట్ హార్డెన్‌బెర్గ్ ఈ రెండో వైపు మొగ్గాడు. 1561లో లూథరన్లు ఆయన్ని ఊరి నుంచి వెళ్ళగొట్టించారు, కేథడ్రల్ మూతబడింది. మరుసటి ఏడే పరిస్థితి తలకిందులైంది. మేయర్ డానియెల్ ఫాన్ బ్యూరెన్ వర్గం పైచేయి సాధించడంతో లూథరన్ కౌన్సిలర్లు ఊరొదిలి పోయారు. ఊరు క్రమంగా కాల్విన్ దారి పట్టింది. కేథడ్రల్ మాత్రం ఊరి ఆస్తి కాదు, ఆర్చ్‌బిషప్‌ది. ఇటు ఊరివాళ్ళు వాడుకోలేరు, అటు ఆర్చ్‌బిషప్ తెరవలేడు. మన దగ్గర కోర్టు కేసులో ఇరుక్కున్న గుడి మాన్యం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు.

పట్టించుకునే దిక్కు లేక 1638 జనవరిలో దక్షిణ గోపురం కూలిపోయింది. పక్కనున్న ఇళ్ళ మీద పడి ఎనిమిది మంది చనిపోయారు. అదే ఏడు సెప్టెంబర్‌లో ఆర్చ్‌బిషప్ ఫ్రెడరిక్, తర్వాత డెన్మార్క్‌కి రాజైన ఆయనే, కేథడ్రల్‌ని లూథరన్ ఆరాధనకి తెరిపించాడు. అక్కణ్ణించి కాల్విన్ ఊళ్ళో కేథడ్రల్ ఒక్కటీ లూథరన్ ద్వీపం. 1803 దాకా అది బ్రెమెన్ చేతికే రాలేదు. స్వీడన్ కింద కొన్నాళ్ళు, హనోవర్ కింద కొన్నాళ్ళు ఉంది.

ఇప్పుడు మనం ఫొటోలు తీసుకునే ఆ రెండు గోపురాలు మధ్యయుగాల నాటివి కావు. 1888–1901 మధ్య దాదాపు కొత్తగా కట్టినవి. ఖర్చులో పెద్ద భాగం పెట్టుకున్నది ఫ్రాంజ్ షూటె అనే పెట్రోలియం వర్తకుడు. మన పల్లెల్లో ఆముదం దీపాలు పోయి కిరోసిన్ బుడ్లు వస్తున్న రోజులవి. బ్రామ్స్ తన జర్మన్ రెక్వియెమ్‌ని 1868 గుడ్‌ఫ్రైడే నాడు మొదటిసారి వినిపించింది ఈ చర్చిలోనే. అన్నట్టు, ముప్పై నిండినా పెళ్ళికాని మగవాళ్ళ చేత ఈ కేథడ్రల్ మెట్లు ఊడిపించే ఆచారం ఒకటి ఉంది. ఎవరైనా అమ్మాయి వచ్చి ముద్దు పెడితేనే చీపురు కింద పెట్టాలి. మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు జాగ్రత్త.

ఇక మా వైపు కథ. నార్త్ జర్మన్ సొసైటీని లూథరన్లూ రిఫార్మ్డ్ వాళ్ళూ కలిసి పెట్టుకున్నారు. బ్రెమెన్ కథ విన్నాక అదెంత సాహసమో తెలుస్తుంది. 1840ల మధ్యలో ఆ సొసైటీ పంపిన వాలెట్ రాజమండ్రిలో దిగాడు. తర్వాత గ్రోనింగ్, హైజె వచ్చి కలిశారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. కాటన్ పని మొదలుపెట్టింది 1847లో, ముగించింది 1852లో. ఈ జర్మన్లు చూసిన కడియం వైపు నేల కాలవలూ నర్సరీలూ ఉన్న నేల కాదు. పదేళ్ళ కిందటే నందన కరువు చూసిన నేల.

ఆనకట్ట పూర్తయ్యేలోపే సొసైటీ చేతులెత్తేసింది. 1848 తిరుగుబాట్లతో జర్మనీలో డబ్బు కరువైంది. పైగా లోపల పాత గొడవే, ఏ సిద్ధాంతం ప్రకారం బోధించాలని. 1850–51లో రాజమండ్రిని గుంటూరులోని అమెరికన్ లూథరన్లకి అప్పగించారు. వాలెట్ వెళ్ళిపోయాడు, గ్రోనింగ్, హైజె అమెరికన్ల కింద పని చేశారు. సొసైటీ బ్రెమెన్‌కి మారి, పశ్చిమ ఆఫ్రికాలో ఎవె జనం మధ్య పనికి పరిమితమైంది. అక్కడికి 1847లో నలుగురిని పంపితే, ఆ ఏడు చివరికి ఒక్కడే బతికున్నాడు. అయినా దాన్ని వదల్లేదు. రాజమండ్రిని వదిలేశారు. నాకిది కొంచెం గుచ్చుకుంటుంది, నిజం చెప్పాలంటే.

అమెరికన్లు కూడా 1869లో రాజమండ్రిని ఆంగ్లికన్లకి ఇచ్చేద్దామనుకున్నారు. అంతర్యుద్ధం తర్వాత వాళ్ళకీ మనుషులు లేరు, డబ్బు లేదు. అప్పుడు అడ్డుపడ్డది హేయర్. 1842లో గుంటూరులో మొదట దిగిన ఆ ముసలాయన డెబ్బై ఆరేళ్ళ వయసులో, నేనే వెళ్తానని మళ్ళీ ఓడెక్కాడు. అమెరికన్ అంటాం గానీ ఆయనా పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లోనే. రాజమండ్రి సంఘం నిలబడింది. 1927లో ఏర్పడ్డ ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంలో అదీ ఒక భాగం.

వీళ్ళు తెచ్చినవాటిలో మనవాళ్ళు ఏం ఉంచుకున్నారు, ఏం పక్కన పెట్టారు అన్నది నాకు మిషనరీల జీవితచరిత్రల కంటే ఆసక్తిగా ఉంటుంది. పాటలు ఉంచుకున్నారు గానీ, చర్చిలో మనసు కరిగేది పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనలకే. ఆగమన కాలపు దండ మా ఇళ్ళలోకి రాలేదు. ఆ దండ కూడా మరీ పురాతనమేం కాదు. 1839లో హాంబర్గ్‌లో విఖెర్న్ అనే పాస్టరు, క్రిస్మస్ ఎప్పుడని రోజూ అడిగే అనాథ పిల్లల కోసం బండిచక్రానికి కొవ్వొత్తులు గుచ్చాడు. మన సొసైటీ ఊరు, మన సొసైటీ కాలం. దాని బదులు మనవాళ్ళు ‘సెమీ క్రిస్మస్’ కనిపెట్టుకున్నారు. డిసెంబర్ మొదలవగానే స్టారు కట్టి, కేకు కోసి, పక్కింటివాళ్ళకి పంచుతారు. క్రిస్మస్ చెట్టుగా మా కడియం నర్సరీల్లో అమ్మేది ఫర్ చెట్టు కాదు, పసిఫిక్‌లోని నార్ఫోక్ దీవి నుంచి వచ్చిన అరకేరియా. మా ఎండకి తట్టుకుంటుంది, కుండీలోనే బతుకుతుంది, జనవరిలో పారెయ్యక్కర్లేదు.

కేథడ్రల్‌లో ఆదివారం ఆరాధనకి కూర్చున్నాను. బయట సంతలో కాలు పెట్టే చోటు లేదు, లోపల బెంచీలు సగం పైగా ఖాళీ. బల్ల ఇచ్చినప్పుడు జనం అర్ధచంద్రాకారంలో నిలబడి రొట్టె అందుకున్నారు. వాళ్ళలో లూథరన్ ఎవరో రిఫార్మ్డ్ ఎవరో ఎవరూ అడగలేదు. 1973లో లూయెన్‌బెర్గ్ ఒప్పందంతో యూరప్‌లోని ఆ రెండు శాఖలూ ఒకరి బల్లలో ఒకరు చేరవచ్చని రాసుకున్నాయి. 1561 నుంచి లెక్కేస్తే నాలుగు వందల పన్నెండేళ్ళు.

మా డెల్టాలో ఎన్నో ఊళ్ళలో మాలపల్లెలో ఒక చర్చి, మాదిగపల్లెలో ఒక చర్చి ఉంటాయి. రెండూ లూథరన్‌వే అయిన ఊళ్ళూ ఉన్నాయి. అదే చిన్న కాటెకిజం, అదే కీర్తనల పుస్తకం. రొట్టెలో ఏముంది అన్నదాని మీద రెండు పల్లెలకీ తేడా లేదు. సిద్ధాంతంలో పేచీ ఉంటే కూర్చుని ఒప్పందం రాసుకోవచ్చు, ఇక్కడ రాసుకోడానికి పేచీయే లేదు. డిసెంబర్ రాత్రుళ్ళు రెండు పల్లెల నుంచీ క్యారల్స్‌కి బయలుదేరతారు, వెదురుగడకి స్టారు కట్టి, డప్పుతో, పెట్రోమాక్స్ పోయాక ఇప్పుడు ఎల్‌ఈడీలతో. పాడేవి అవే పాటలు. తిరిగే వీధులు మాత్రం వేరు.