గర్భిణీ స్త్రీలు – శరీరశ్రమ

గర్భవతియైన స్త్రీ నడవవచ్చునా, పని చేయవచ్చునా, వ్యాయామము చేయవచ్చునా యను ప్రశ్న నేటిది కాదు. గ్రీసు దేశపు అరిస్టాటిలు తన రాజనీతి గ్రంథమున దీనిని విచారించెను. గర్భిణులు సోమరులై కూర్చుండరాదనియు, వారు ప్రతిదినము ప్రసవదేవతల గుడికి నడచి పోవునట్లు శాసనము చేయుట మంచిదనియు ఆయన యభిప్రాయము. వైద్యుడు చెప్పినచో నడవని వారు దేవుని పేరు చెప్పినచో నడతురని ఆయన యెఱిగి యుండవచ్చును.

మన ప్రాచీన వైద్యులు ఈ విషయమున మిక్కిలి జాగరూకులు. సుశ్రుతుడు శారీరస్థానమున, గర్భము నిలిచినదని తెలిసినది మొదలు స్త్రీ విడువవలసిన వానిలో వ్యాయామమును చేర్చెను. ఉపవాసము, పగటినిద్ర, రాత్రి మేలుకొనుట, శోకము, భయము, బండ్లెక్కుట, గొంతుకూర్చుండుట – ఇవియు ఆ పట్టికలోనివే. చరకుడు గర్భిణిని, నిండుగా నూనె పోసిన పాత్రను తొణకకుండ మోయువాని జాగ్రత్తతో చూచుకొనవలెనని చెప్పెను. ఈ మాటల నాధారముగా గొని మన యిండ్లలోని పెద్దలు, పండితులు సైతము, చూలాలు గడప దాటరాదని తీర్పు చెప్పుచు వచ్చిరి.

శాస్త్రమును సగము చదివిన ఇట్టి తీర్పులే వచ్చును. అదే సుశ్రుతుడు చికిత్సాస్థానమున, శరీరమునకు ఆయాసము కలిగించు కర్మయే వ్యాయామమని నిర్వచించెను. దానిని బలములో సగము వఱకే చేయవలెను. ఊపిరి నోటికి వచ్చినప్పుడు సగము బలము ఖర్చయినదని తెలిసికొనవలెను. అంతట ఆగక, ఆ యధ్యాయముననే ‘చంక్రమణము’ అనగా నడకను గూర్చి వేఱుగా చెప్పి, దేహమును మిక్కిలి నొప్పింపని నడక ఆయువును, బలమును, బుద్ధిని, జఠరాగ్నిని పెంచునని ప్రశంసించెను. ఇది సర్వసాధారణముగా చెప్పినదే కాని గర్భిణి నుద్దేశించి చెప్పినది కాదు, నిజమే. ఐనను వ్యాయామము వేఱు, మెల్లని నడక వేఱు అను భేదము ఆయన మనసులో నున్నదని స్పష్టము. గర్భిణికి మొదటిదానిని నిషేధించెనే కాని రెండవదానిని నిషేధింపలేదు. చరకుడో, ఎల్లవేళల నిద్రించు గర్భిణికి మందబుద్ధియు మందాగ్నియు గల బిడ్డ కలుగునని బెదరించెను. ఆ ఫలమును నేటి వైద్యము అంగీకరింపదు. కాని మంచము పట్టి యుండుటను ఆయన మెచ్చలేదని మాత్రము దానివలన తెలియును.

ఇక నొక్క మాట. నూనెపాత్ర వలె మోయబడు గర్భిణికి మోయువారుండవలెను. నీరు తెచ్చువారు, వడ్లు దంచువారు, కట్టెలు కొట్టువారు వేఱుగా నున్న యింటి స్త్రీకే ఆ గ్రంథములు చెప్పిన నియమములు చెల్లును. ఆ నీరు తెచ్చు స్త్రీయు గర్భిణియైనచో ఏమి?

ఈ ప్రశ్నకు మా జనగామ ప్రాంతపు చరిత్ర సమాధానము చెప్పినది. నిజాము పాలనలో జనగామ నల్లగొండ జిల్లాలోని యొక తాలూకా. విసునూరు దేశముఖు వంటి వారి యధికారము క్రింద నున్న పల్లెలలో వెట్టిచాకిరి నడచెను. చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగ కుటుంబములు దొర గడికి కూలి లేని పని చేయవలెను. వెట్టిని నిషేధించుచు ఫర్మానులు వెలువడకపోలేదు. అవి కాగితము దాటి పల్లె పొలిమేర చేరలేదు. వెట్టికి నెలలు లేవు, వేవిళ్లు లేవు. వడ్లు దంచుట, నాట్లు వేయుట, గడికి నీళ్లు మోయుట – నెల తప్పిన స్త్రీకిని, నిండు చూలాలికిని ఒక్కటే కొలత, ఆ కొలత దొరది. ఆ వ్యవస్థపై తిరుగబడిన వారిలో పాలకుర్తి వాసురాలు చాకలి ఐలమ్మ ప్రసిద్ధురాలు. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులలో మరణించుటతో ఆ తిరుగుబాటు సాయుధ పోరాటముగా మాఱెను. ఆ పోరాటపు స్త్రీల జ్ఞాపకములను స్త్రీశక్తి సంఘటన వారు ‘మనకు తెలియని మన చరిత్ర’ యను పేర 1986లో ప్రచురించిరి. దళములతో అడవులలో తిరుగుచు బిడ్డను కని, ఆ బిడ్డను ఇతరులకు అప్పగింపవలసి వచ్చిన తల్లి కథ అందున్నది. చూలాలు ఎంత నడవగలదో ఆ పుటలు చదివినవారికి తెలియును. ఎంత నడవవలెనో చెప్పుటకు మాత్రము అవి కొలత కావు.

“పూర్వము మా అవ్వలు కాన్పు నాటి వఱకు పొలములో పని చేసిరి, పది మందిని కనిరి” అని గర్వముతో చెప్పుట మనకు అలవాటు. ఆ పది మందిలో బ్రతికిన వారెందఱని అడిగినచో చెప్పువారి గొంతు తగ్గును. పుణె సమీపమున ఆరు గ్రామములలో గర్భిణులను పరిశీలించి 2003లో ప్రకటించిన యొక యధ్యయనమున, ఇంటిపని, పొలముపని మిక్కిలి కఠినముగా నున్న తల్లుల బిడ్డలు చిన్నవారై పుట్టిరని తేలినది. తినుట తక్కువ, పని ఎక్కువ యైనచో శరీరము బిడ్డకు పెట్టవలసిన దానిని పనికి ఖర్చు చేయును.

పాశ్చాత్య వైద్యులును ఈ కొలతను వెంటనే పట్టుకొనలేదు. 1985లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘము గర్భిణి గుండె నిమిషమునకు 140 సార్లకు మించి కొట్టుకొనరాదనియు, గట్టి వ్యాయామము 15 నిమిషములు దాటరాదనియు నియమించెను. 1994లో ఆ గుండె లెక్కను విడిచిరి. 2020లో ఆ సంఘమును, ప్రపంచ ఆరోగ్య సంస్థయు, వేఱే యడ్డంకి లేని గర్భిణి వారమునకు 150 నిమిషములు మధ్యరకపు శ్రమ చేయుట మేలని చెప్పినవి. మధ్యరకమని తెలియుట యెట్లు? నడచుచు మాటలాడగలిగి, పాట పాడలేకపోయినచో అది మధ్యరకము. ఊపిరి నోటికి వచ్చుటను కొలతగా పెట్టిన సుశ్రుతుని వాక్యమును నేను వెంటనే తలచుకొంటిని.

ఈ 150 నిమిషముల మాట ఎవరికి చెప్పుచున్నామో చూడవలెను. మా వీధిలోని యొక యింట కోడలికి ఆఱవ నెల. చెఱువు కట్ట వఱకు నడచి వచ్చెదనన్నచో అత్తగారు ఒప్పుకొనరు. “బిడ్డా, ఈ నెలల్ల నీకు నడకలెందుకు, కూసో” అందురు. ఆ యింటనే అంట్లు తోమి, బిందెలతో నీళ్లు మోయు స్త్రీకిని ఆఱవ నెలయే. ఆమెను కూర్చుండుమని ఎవరును అనలేదు. శాస్త్రము ఇద్దఱికిని ఒక్కటే, విధి మాత్రము తలక్రిందులు: మొదటి యామెను లేపి నడిపింపవలెను, రెండవ యామె తల మీది బిందెను దింపి కూర్చుండబెట్టవలెను. మహబూబాబాదు ప్రాంతపు మిరపచేలలో వంగి కాయలు ఏరు కైకిలి స్త్రీకిని, వేసవిలో భూపాలపల్లి యడవులలో తెల్లవాఱకముందే తునికాకు కోయ బోవు స్త్రీకిని నడక నేర్పుట పరిహాసము. వారికి వలసినది నీడ, నీరు, విశ్రాంతి, కూలి నష్టము లేకుండుట.

చట్టము ఇంత దూరము రాలేదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనముల చట్టము, ప్రసవమునకు ముందు నిర్ణీత కాలమున స్త్రీ కోరినచో కఠినమైన పనిగాని, చాలసేపు నిలుచుండు పనిగాని చేయింపరాదని శాసించెను. ఆ నియమములు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనికి చేరినవి. భూపాలపల్లి బొగ్గుగనుల కార్యాలయమున ఉద్యోగము చేయు స్త్రీకి ఆ రక్ష కలదు. ఆ గనుల కావలి యడవిలో ఆకు కోయు స్త్రీకి యజమాని యెవడు, సెలవు ఇచ్చువాడెవడు? 2017లో తెలంగాణ ప్రభుత్వము, కూలి పోవుటకు బదులుగా మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చు పథకమును ప్రారంభించెను. గర్భిణి విశ్రాంతికి వెల గట్టి కూలి యని పిలిచినందుకు దానిని ముఖ్యముగా స్మరింపవలెను.

కూర్చుండి యుండు స్త్రీల విషయము మరల చెప్పెదను, వారి సంఖ్య పెరుగుచున్నది గనుక. ఇసుర్రాయి పోయినది, రోలు రోకలి పోయినవి, బావి చేద పోయినది. వానితో వెనుకటి బాధయు పోయినది, దానికై విలపింపను. కాని వానికి బదులు మఱియొక కదలిక రాలేదు. నెలలు నిండినకొలది బరువు ముందునకు వచ్చి తూకము తప్పును, కీళ్ల బంధములు సడలును. కనుక గెంతుట, పరుగు తగ్గించి నడకకు మాఱవలెను. నాలుగవ నెల దాటిన పిదప వెల్లకిల పండుకొని చేయు ఆసనములు చాలసేపు చేయరాదు, గర్భపు బరువు పెద్ద సిర పై పడి తల తిరుగును. ఎండలో వలదు. రక్తము కనబడినను, నీరు పోయినను, ఛాతిలో నొప్పి కలిగినను, తల తిరిగినను, పిక్క నొప్పి పెట్టి వాచినను వెంటనే ఆపి వైద్యుని చూడవలెను. మాయ క్రిందుగా నున్నవారు, రక్తపోటు పెరిగినవారు, మిక్కిలి రక్తహీనులు ముందే యడుగవలెను. మన రాష్ట్రమున గర్భిణులలో సగమునకు మించి రక్తహీనులు గనుక ఈ కడపటి మాట చిన్నది కాదు.

2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి, దేశమున అన్నిటికంటె ఎక్కువ. నడవకపోవుటయే దీనికి కారణమని చెప్పుట తప్పు. ఆసుపత్రుల లెక్కలు, భయము, ముహూర్తములు ఇందు కలిసియున్నవి. పంచాంగము చదివినవాడనే యైనను, కత్తితో తెచ్చిన లగ్నమును జన్మలగ్నమని గణించుటకు నాకు మనసొప్పదు.

2017లో కరీంనగరమున నర్సులకు ప్రసూతి విద్యలో ప్రత్యేక శిక్షణ ప్రారంభమైనది. అట్లు శిక్షణ పొందినవారు నొప్పులు వచ్చిన స్త్రీని మంచమునకు కట్టివేయక లేచి తిరుగనిత్తురు, అనువైన భంగిమలో కూర్చుండనిత్తురు. మా పల్లెల మంత్రసానులును నొప్పులు మొదలుకాగానే చూలాలి చేయి పట్టి వాకిట అటు నిటు నడిపించెడివారు.