మన్యపు కాఫీకి కొలత

వరిచేను కొలతకు లొంగును. కోతనాడు మడిలో ఒక తునకను యాదృచ్ఛికముగా ఎంచి, కోసి, నూర్చి, ఎండబెట్టి తూచినచో ఎకరమున కెంత పండినదో తేలిపోవును. 1920 దశకమున బీహారు, ఒరిస్సా వరిపొలములలో హబ్బక్ దొర పరీక్షించిన ఈ రీతిని అటుపిమ్మట గణాంకశాస్త్రజ్ఞులైన మహలనోబిస్, సుఖాత్మే మహాశయులు పరిపుష్టమైన శాస్త్రముగా తీర్చిదిద్దిరి. కాని ఆ శాస్త్రము కాఫీతోట గట్టుననే నిలిచిపోయినది.

ఏలయన కాఫీచెట్టునకు కోతనాడనునది లేదు. వేసవి తొలిజల్లులకు విరిసిన పూవు పిందెకట్టి, కార్తిక మార్గశిరములలో పండుబారుట మొదలైనది లగాయతు, ఎఱ్ఱబడినదానిని ఎఱ్ఱబడినట్లే ఏరుకొనుచు రెండుమూడు నెలలపాటు మరల మరల అదే కొమ్మకడకు పోవలయును. ఒక యేడు విరగకాచిన చెట్టు మరుసటి యేడు అలసిపోవును. ఒక్కనాటి తూనిక ఏ సత్యమును చెప్పగలదు?

తూర్పు కనుమలలో కాఫీ 1898 ప్రాంతమున బ్రోడీ అను ఆంగ్లేయాధికారి వలన పాములేరు లోయలో పాదుకొన్నది. 1960 దశకమున అటవీశాఖ పెంచిన విశాలమైన తోటలలో దిగుబడి కేవలము భాగహారము. పిమ్మట గిరిజన సహకార సంస్థ, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వారు పాడేరు, అరకు ప్రాంతముల పోడుభూములలో, సిల్వర్ ఓక్ నీడన, కుటుంబమున కెకరమో రెండెకరములో చొప్పున నాటించుటతో చిక్కు మొదలైనది. ఏటవాలు కొండపై ఎకరమే సందిగ్ధము. చెట్టును హారముగా గొందమన్న, ఎండిన దెంత, కాపునకు రాని దెంత?

ఇక తూచవలసిన దేది? పండా, తొక్కతీసి ఎండబెట్టిన పార్చ్‌మెంటా, శుద్ధిచేసిన గింజయా? అయిదారు కిలోల పండునకు దక్కునది ఒక కిలో గింజ. పండు లెక్కను గింజలెక్కగా పొరబడినచో బీదరైతు కాగితముపై అయిదింతల సంపన్నుడగును. ఋణమును సహాయమును ఆ అంకెనుబట్టి నిర్ణయించునెడల ఆ పొరపాటు వాని కంచములోని కూటిని హరించును.

1942 నాటి కాఫీ చట్టము క్రింద, ఇంటి వాడుకకును విత్తనమునకును ఉంచుకొన్నది పోగా, పంట యావత్తు కాఫీ బోర్డువారి ఉమ్మడి నిల్వకు చేరవలసియుండెను. ఆనాడు దిగుబడి యన అచటికి చేరిన బరువే. పూత రాలిన వెనుక ఒకమారు, వానలు వెలసిన వెనుక మరొకమారు బోర్డువారు అంచనా కట్టు ఆనవాయితీ నేటికిని గలదు. కాని పంటను బోర్డునకే చేర్చవలెనను నిర్బంధము 1990 దశకమున తొలగినది. ఇప్పుడు రైతు పండు కొంత సంతలో వర్తకుని కాటాపైనను, కొంత సహకార సంస్థ కాటాపైనను తూగుచున్నది. ముంగిట ఎండినది కొంత తూగకయే పోవుచున్నది. చెట్టుకడ తట్ట నిండినపుడే, కోతకోతకు ఇంటివారు తూచి వ్రాసికొన్న లెక్క తప్ప దిగుబడికి వేఱొక సాక్ష్యమును నే నెఱుగను.