ద్వారకానగర్ డ్రైవర్ సీడీలు

విశాఖపట్నంలో 2000ల తొలి ఏళ్ళలో కంప్యూటర్ రిపేరు చేసేవాడి అసలు పెట్టుబడి స్క్రూడ్రైవర్లూ కాదు, సోల్డరింగ్ ఐరనూ కాదు. జిప్పు ఉన్న ఒక సీడీ పౌచ్. ద్వారకానగర్, డాబాగార్డెన్స్ సందుల్లోని దుకాణాల్లో అది గల్లాపెట్టెకు దగ్గర్లోనే ఉండేది. తెరిస్తే మార్కరుతో రాసిన సీడీలు: ‘845 బోర్డు’, ‘రియల్‌టెక్ లాన్’, ‘వయా సౌండ్’. కొత్త సిస్టమ్ కొన్నవాళ్ళు మదర్‌బోర్డు డబ్బాలో వచ్చే డ్రైవర్ సీడీని ఇంట్లో ఎక్కడో పడేసి మరిచిపోతారని దుకాణదారుకు బాగా తెలుసు. అందుకే ఇచ్చేముందే ఒక కాపీ కొట్టి ఉంచుకునేవాడు. రెండేళ్ళ తర్వాత అదే మనిషి సీపీయూ మోసుకొచ్చి “ఫార్మాట్ కొట్టించానండి, నెట్ ఏటైపోయింది?” అని అడిగిన రోజున ఆ కాపీ అక్కరకొచ్చేది.

నెట్ ఎక్కడికీ పోదు. ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేయగానే పాత డ్రైవర్లన్నీ, అంటే ఒక్కో చిప్‌ను విండోస్‌కు పరిచయం చేసే చిన్న ప్రోగ్రాములన్నీ, తుడిచిపెట్టుకుపోతాయి. కొత్త విండోస్‌కు తెర తెలుస్తుంది, కీబోర్డు తెలుస్తుంది, హార్డ్ డిస్క్ తెలుస్తుంది. నెట్‌వర్క్ చిప్ మాత్రం తెలియకపోవచ్చు. డివైస్ మేనేజర్‌లో ‘ఈథర్నెట్ కంట్రోలర్’ అన్న మాట పక్కన పసుపు రంగు ఆశ్చర్యార్థకం కనబడుతుంది. సౌండ్ డ్రైవర్ లేకపోతే పాటలు రావు, అంతే. ఆ డ్రైవర్‌ను నెట్‌లోంచి దించుకోవచ్చు. నెట్‌వర్క్ డ్రైవర్ లేకపోతే మిగతా డ్రైవర్లను దించుకునే దారి కూడా ఉండదు. డ్రైవర్ ఉన్నది నెట్‌లో, నెట్‌కు వెళ్ళాలంటే డ్రైవర్ కావాలి. విశాఖ రేవులో ఇలాంటి చిక్కుకు మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. మహాసముద్రాలు దాటి వచ్చిన ఓడైనా డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువలోంచి లోపలి రేవుకు తనంత తాను రాలేదు. దారి తెలిసిన పైలట్ చిన్న పడవలో ఎదురెళ్ళి ఓడ ఎక్కాలి. రిపేరు దుకాణం పాతికేళ్ళుగా చేస్తున్నదీ ఆ పడవ పనే. పడవే మారుతూ వచ్చింది.

ఈ ఇబ్బంది కంప్యూటర్ పుట్టుకతో వచ్చింది కాదు. నెట్‌వర్క్ కార్డుల తొలి రోజుల్లో నోవెల్ కంపెనీ తెచ్చిన ఎన్‌ఈ2000 కార్డును ఎందరో తయారీదారులు అనుకరించారు. ఆ ఒక్క నమూనా తెలిస్తే చాలు, బజారులోని చవక కార్డుల్లో చాలా భాగం పనిచేసేవి. ఆ తర్వాత తైవాన్ కంపెనీ రియల్‌టెక్ చేసిన 8139 చిప్, పీత బొమ్మ ముద్రతో, లోకమంతా పాకింది. 2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో దాని డ్రైవర్ ముందే ఉండేది. అప్పట్లో బోర్డు మీద విడిగా గుచ్చే కార్డే కాబట్టి, ఏదైనా తేడా వస్తే పాతది పీకి పీత బొమ్మ కార్డు గుచ్చితే తగువు తీరిపోయేది.

చిక్కంతా ఎక్స్‌పీ దీర్ఘాయుష్షుతో వచ్చింది. తర్వాతి విండోస్ విస్టా 2007 జనవరి చివర గానీ మామూలు కొనుగోలుదార్లకు అందలేదు. అది వచ్చాకా జనం ఎక్స్‌పీని వదల్లేదు. మైక్రోసాఫ్టే 2014 ఏప్రిల్ 8 దాకా దాన్ని మోసింది. ఈలోగా నెట్‌వర్క్ చిప్ మదర్‌బోర్డులోకే చేరిపోయింది, ఏడాదికో కొత్త రకం వచ్చింది. 2001 నాటి సీడీకి 2006 నాటి చిప్ ఎలా తెలుస్తుంది? 2003 మార్చిలో ఇంటెల్ సెంట్రినో పేరుతో ల్యాప్‌టాప్‌లకు వైఫైని అలవాటు చేశాక తెలియని చిప్‌లు రెండయ్యాయి. ఒకటి తీగది, ఒకటి గాలిది.

మన దగ్గర దీనికి ఇంకో కారణమూ తోడైంది. ధర తగ్గించడానికి చాలా ల్యాప్‌టాప్‌లను విండోస్ లేకుండా, ఉత్త డాస్‌తో అమ్మేవారు. బిల్లు మీద ‘డాస్’ అని ఉండేది, ఇంటికి వెళ్ళేసరికి అందులో ఎక్స్‌పీయో సెవెనో ఉండేది. అదెలా వచ్చిందో అమ్మినవాడూ అడగడు, కొన్నవాడూ అడగడు. అసలు విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌లో డ్రైవర్లతో సహా అన్నీ దాచిన రికవరీ భాగం హార్డ్ డిస్క్‌లో ఉంటుంది. డాస్ ల్యాప్‌టాప్‌కు ఆ భాగ్యం లేదు. ఉన్నవాళ్ళయినా ‘ఇదేదో జాగా తినేస్తోంది’ అని ఫార్మాట్‌లో దాన్నీ చెరిపేయించుకునేవారు. దొంగ కాపీల తప్పు కస్టమర్ల నెత్తినే రుద్దడం తేలిక. ల్యాప్‌టాప్ కోసం చిట్టీ పాడుకునే ఇళ్ళలో విండోస్ లైసెన్సు ఖర్చు ఎంత బరువో లెక్కేస్తే అంత తేలిగ్గా అనబుద్ధి కాదు.

నెట్ కూడా ఈ ఊరికి ఆలస్యంగానే వచ్చింది. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ మొదలుపెట్టినప్పుడు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాలకే ఆ వైభవం. ఆ తర్వాత విశాఖ ఇళ్ళలోకి వచ్చింది టెలిఫోను తీగ మీద కీచుమంటూ కలిసే డయలప్. దాని మోడెమ్‌కూ డ్రైవర్ కావాలి. 2004 నాటి కేంద్ర బ్రాడ్‌బ్యాండ్ విధానం 256 కిలోబిట్ల వేగాన్నే బ్రాడ్‌బ్యాండ్ అంది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ మొదలైంది. దానితో ఇచ్చిన హువావే మోడెమ్‌లలో కొన్నిటికి వెనక రెండు రంధ్రాలుండేవి: ఒకటి లాన్ తీగకు, రెండోది యూఎస్‌బీకి. లాన్ డ్రైవర్ లేని సిస్టమ్‌కు యూఎస్‌బీ తీగ తగిలిద్దామంటే దానికి వేరే సీడీ. చివరికి పౌచ్ తెరవక తప్పేది కాదు.

సీడీల మీద రాతలు చెరిగిపోయినప్పుడు, కస్టమరు తెచ్చిన పెట్టె ఏ బోర్డుదో తెలియనప్పుడు పనికొచ్చిన విద్య ఒకటుంది. మెకానిక్కుల్లో నేర్పరినీ, ఒట్టి ‘నెక్స్ట్, నెక్స్ట్’ నొక్కేవాడినీ వేరు చేసిందీ అదే. పసుపు గుర్తు మీద కుడి నొక్కు నొక్కి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌లోకి వెళ్ళి హార్డ్‌వేర్ ఐడీ చూస్తే చిప్ తన ఇంటిపేరూ పేరూ తానే చెప్పుకుంటుంది. ‘వెన్’ అన్నచోట 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 14ఈ4 ఉంటే బ్రాడ్‌కామ్, 168సీ ఉంటే అథెరోస్. ఇంటెల్ తన ప్రఖ్యాత ప్రాసెసర్ అంకె 8086నే ఇంటిపేరుగా తీసుకుంది. పక్కనే ‘డెవ్’ అన్నచోట ఉండే నాలుగక్షరాలు చిప్ రకం. విండోస్ ఆ చిప్‌ను గుర్తుపట్టకపోయినా ఈ అంకెలను చదివి చూపిస్తుంది. అవి కాగితం మీద రాసుకుని నెట్ ఉన్న ఇంకో సిస్టమ్‌లో వెతికితే సరిగ్గా కావలసిన డ్రైవరే దొరుకుతుంది. కంపెనీ పేరు చూసి వెతికితే ఇది కుదరదు; ఒకే మోడల్ పేరుతో అమ్మిన ల్యాప్‌టాప్‌లలో ఒకదానిలో బ్రాడ్‌కామ్, మరోదానిలో రియల్‌టెక్ ఉండటం మామూలే.

2009 తర్వాత కొన్నేళ్ళు డేటాకార్డుల రాజ్యం నడిచింది. టాటా ఫోటాన్ ప్లస్, రిలయన్స్ నెట్‌కనెక్ట్ అంటూ పెన్‌డ్రైవ్‌లా గుచ్చే మోడెమ్‌లు. ఈ మొత్తం కథలో తెలివైన ఆలోచన చేసింది వాటిని తయారుచేసినవాళ్ళే. డేటాకార్డు గుచ్చగానే అది మొదట మోడెమ్‌లా కనబడదు, సీడీ డ్రైవ్‌లా కనబడుతుంది. ఆ ఉత్తుత్తి సీడీలో దాని డ్రైవరే ఉంటుంది. అది ఎక్కించాక సీడీ వేషం తీసేసి మోడెమ్‌గా మారుతుంది. తన డ్రైవర్‌ను తానే వెంట తెచ్చుకునే ఈ పద్ధతిని ల్యాప్‌టాప్‌ల లోపలి వైఫై చిప్‌లకు ఎవరూ పెట్టలేదు. దుకాణాల్లో మాత్రం రీచార్జి ఉన్న డేటాకార్డు ఒకటి డ్రాయరులో ఉండటం మంచి ఏర్పాటు అయింది.

అదే సమయంలో సీడీల పౌచ్ స్థానంలోకి డ్రైవర్ ప్యాక్‌లు నిండిన హార్డ్ డిస్క్‌లు వచ్చాయి. రష్యాలో పుట్టిన డ్రైవర్‌ప్యాక్ సొల్యూషన్ లాంటివి వేల డ్రైవర్లను ఒకేచోట పోగేసి, సిస్టమ్‌ను తామే పరీక్షించి ఎక్కించేవి. వాటితోపాటు అడగని బ్రౌజర్లూ యాంటీవైరస్‌లూ కూడా ఎక్కేవనుకోండి. అయినా నెట్‌తో పని లేకుండా నడవడం వాటి బలం.

ఆ బలం విలువ 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు విశాఖకు తెలిసింది. గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచిన గాలులతో హుద్‌హుద్ తుపాను నేరుగా నగరం మీదే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది, కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి, సెల్ టవర్లు మూగబోయాయి. చాలా వాడల్లో కరెంటు రావడానికే రోజులు పట్టింది. అలాంటి వారాల్లో నెట్‌లోంచి దించి ఎక్కించే పద్ధతికి దిక్కు లేదు. తడిసిన సిస్టమ్‌ను ఆరబెట్టి, విండోస్ వేసి, డ్రైవర్లు పెట్టి ఇవ్వాలంటే డిస్క్‌లో దాచుకున్న సరుకే గతి.

పాత దారులు ఒక్కొక్కటే మూసుకుపోవడం మాత్రం తుపానుకు చాలా ముందే మొదలైంది. 2008 జనవరిలో ఆపిల్ చూపించిన పల్చటి మ్యాక్‌బుక్ ఎయిర్‌లో సీడీ డ్రైవూ లేదు, లాన్ తీగ గుచ్చే రంధ్రమూ లేదు. కొన్నేళ్ళకు విండోస్ ల్యాప్‌టాప్‌లూ అదే దారి పట్టాయి. అంతదాకా వైఫై పోయినా లాన్ తీగ ఉంది, లాన్ పోయినా సీడీ ఉంది. పల్చటి ల్యాప్‌టాప్‌లో వైఫై చిప్ ఒక్కటే దిక్కు, దానికి డ్రైవర్ లేకపోతే మిగిలేది యూఎస్‌బీ రంధ్రం.

ఆ రంధ్రం చాలు. 2010 మేలో వచ్చిన ఆండ్రాయిడ్ 2.2తో ఫోన్ నెట్‌ను యూఎస్‌బీ తీగ మీదుగా కంప్యూటర్‌కు పంపే సౌకర్యం వచ్చింది. విండోస్ సెవెన్ నుంచీ, లినక్స్‌లోనూ, ఆ తీగ కొసన ఉన్న ఫోన్‌ను నెట్‌వర్క్ కార్డుగా గుర్తుపట్టే డ్రైవర్ లోపలే ఉంది. ఫోన్‌కు చార్జింగ్ తీగ తగిలించి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే నెట్ వచ్చేస్తుంది. తర్వాత విండోస్ అప్‌డేట్ తనకు కావలసిన వైఫై డ్రైవర్‌ను చాలాసార్లు తానే వెతికి తెచ్చుకుంటుంది. 2016 సెప్టెంబరు 5న జియో మొదలై మొబైల్ డేటా ధరలు నేలకు దిగాక ఈ పద్ధతికి ఖర్చు దాదాపు లేకుండా పోయింది. రిపేరు దుకాణానికి ఇది ఒకరకంగా నష్టమే. డ్రైవర్ దాచుకున్నవాడికి ఉండే మర్యాద పోయింది.

పూర్తిగా పోలేదు లెండి. టెథరింగ్ పెట్టినా డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు కూడా కనబడని కేసులు ఉంటాయి. అంటే చిప్ ఉన్న సంగతే సిస్టమ్‌కు తెలియడం లేదు. అక్కడ డ్రైవర్ల గొడవ కాదు, ఇనుము గొడవ. బయాస్‌లో వైర్‌లెస్ ఆపేసి ఉండొచ్చు, పాత మోడళ్ళలో అంచున ఉండే చిన్న స్విచ్ జరిగి ఉండొచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌లను పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ విప్పి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కిపట్టి మళ్ళీ కలిపితే మాయమైన కార్డు తిరిగొస్తుంది. సముద్రపు ఉప్పుగాలి, తేమ ఉన్న ఊళ్ళో కార్డు అంచులకు చిలుం పట్టడమూ వింత కాదు. విప్పి, తుడిచి గుచ్చాలి. కార్డే మారుద్దామంటే దానికీ ఆంక్షలు. ఒకప్పటి థింక్‌ప్యాడ్‌లూ, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లూ తమ జాబితాలో లేని వైఫై కార్డు పెడితే ఎర్రర్ చూపి బూట్ కావడానికే నిరాకరించేవి. ఇప్పుడు ఇంటెల్ ఏఎక్స్211 లాంటి కార్డుల్లో పనిలో సగం ప్రాసెసర్ వైపే జరుగుతుంది, కాబట్టి ఏఎండీ ల్యాప్‌టాప్‌లో గుచ్చితే ఉలకదు పలకదు.

లినక్స్ వాడేవాళ్ళ కష్టం వేరు. ఉబుంటు అనే లినక్స్‌ను తయారుచేసే సంస్థ 2011 దాకా అడిగినవాళ్ళకు సీడీలను పోస్టులో ఉచితంగా పంపేది. ఇంజనీరింగ్ హాస్టళ్ళలో ఆ కవర్లు చాలా తిరిగాయి. ఉత్సాహంగా వేసుకున్నాక బ్రాడ్‌కామ్ వైఫై ఉన్నవాళ్ళకు నెట్ వచ్చేది కాదు. ఆ చిప్‌కు కావలసిన ఫర్మ్‌వేర్‌ను, అంటే చిప్ లోపల నడిచే ప్రోగ్రామును, పంచే హక్కు సీడీ చేసినవాళ్ళకు లేదు, లాన్ తీగ పెట్టి విడిగా తెచ్చుకోవాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విషయంలో పట్టుదలకు పేరుపడ్డ మరో లినక్స్ డెబియన్ కూడా చివరికి 2022లో సభ్యుల ఓటు పెట్టి, 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి అలాంటి ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే చేర్చింది. సిద్ధాంతం ఎంత గొప్పదైనా నెట్ రాకపోతే వాడేవాడు నిలవడు.

విండోస్ మాత్రం ఎదురు దారిలో నడిచింది. 2021లో వచ్చిన విండోస్ 11 హోమ్, మరుసటేడు నుంచి ప్రో కూడా, మొదటి సెటప్‌లోనే నెట్ కావాలని పట్టుబట్టాయి. ఇంతకుముందు నెట్‌వర్క్ డ్రైవర్ లేకపోతే కనీసం డెస్క్‌టాప్ దాకా వెళ్ళొచ్చు. ఇప్పుడు ‘నెట్‌వర్క్‌కు కనెక్ట్ అవ్వండి’ అన్న తెర దగ్గరే ఆగిపోవాలి, కింద జాబితాలో ఒక్క వైఫై పేరూ ఉండదు. షిఫ్ట్, ఎఫ్10 నొక్కి నల్ల తెరలో ‘బైపాస్ ఎన్‌ఆర్‌ఓ’ అని కొట్టి దాటేయడం మెకానిక్కులకు నోటిపాఠమైంది. 2025లో మైక్రోసాఫ్ట్ ఆ సందునూ మూసే పనిలో పడింది. అయితే అదే తెర మీద, 24హెచ్2 వెర్షన్ నుంచి, డ్రైవర్ ఎక్కించుకునేందుకు ఒక బటన్ పెట్టింది. డ్రైవర్ సీడీల కాలంలో ఇరవయ్యేళ్ళ క్రితమే రావలసిన బటన్ అది.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. సరిగ్గా అదే రోజున గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని, సముద్రగర్భ ఇంటర్నెట్ కేబుళ్ళను ఈ తీరానికి తెస్తామని ప్రకటించింది. పత్రికలు రెండో వార్తను మొదటి పేజీలో వేశాయి. రిపేరు బల్లకు పని తెచ్చేది మొదటి వార్త. విండోస్ 10 నుంచి 11కు మారే ల్యాప్‌టాప్‌లు, మారడానికి అర్హత లేక పదితోనే సరిపెట్టుకునేవి, లినక్స్‌కు మళ్ళేవి, అన్నిటికీ మళ్ళీ ఫార్మాట్, మళ్ళీ డ్రైవర్లు.

జాగ్రత్తపరుడైన మెకానిక్ ఇప్పుడు ఫార్మాట్‌కు ముందే ‘డిజ్మ్’ అనే ఆదేశంతో విడిగా ఎక్కించిన డ్రైవర్లన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎగుమతి చేసుకుంటాడు. కొద్ది నిమిషాల పని, బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. ఇబ్బందల్లా ఒక్కటే: దుకాణానికి వచ్చేవాళ్ళలో చాలామంది యూట్యూబ్ చూసి ఇంట్లోనే ఫార్మాట్ కొట్టేసుకుని వస్తారు.