కేక్‌వాక్: దొరల దర్జాను వెక్కిరించిన నడక

ఓ జట్టు సునాయాసంగా గెలిస్తే 'కేక్‌వాక్' అనేస్తాం. నల్లేరు మీద నడక అన్నమాట. నిజానికి అది ఒక నృత్యం పేరు. అమెరికా దక్షిణ రాష్ట్రాల తోటల్లో, బానిసలుగా బతుకీడ్చిన నల్లజాతి శ్రామికుల మధ్య పుట్టింది.

సెలవు రోజునో, పంట చేతికొచ్చాకో వాళ్లు ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని జంటలుగా నడిచేవారు. నడుం వెనక్కి వాల్చి, రొమ్ము విరుచుకుని, మోకాళ్లు పైకెత్తుతూ, చేతికర్ర తిప్పుతూ, టోపీ తీసి వంగి వందనాలు చేస్తూ సాగేవారు. అందరికన్నా ఠీవిగా నడిచిన జంటకు కేకు బహుమతి. పేరు అలా వచ్చింది. ఆ ఠీవి మాత్రం దొరలది. బంగళాల్లో జరిగే విందు నృత్యాలు చూసి, అక్కడి బిగదీసుకున్న నడకను మరింత సాగదీసి ఆడేవారు. యజమానులు ఎదురుగా కూర్చుని మెచ్చుకునేవారనీ, ఆ వెక్కిరింత తమమీదేనని గ్రహించేవారు కాదనీ నాటి బానిసల జ్ఞాపకాలు చెబుతున్నాయి.

1865లో బానిసత్వం రద్దయింది. ఆ తర్వాత, మొహానికి మసి పూసుకుని నల్లవారిని ఎగతాళి చేసే తెల్లవారి మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు ఈ నడకను ఎత్తుకెళ్లాయి. తమ జాతి దర్జాను వెక్కిరించిన ఆటనే నల్లవారి తెలివితక్కువతనంగా చూపించి జనాన్ని నవ్వించాయి.

దాన్ని తిరిగి చేతుల్లోకి తీసుకున్నది నల్లజాతి కళాకారులే. విల్ మేరియన్ కుక్ సంగీతం, కవి పాల్ లారెన్స్ డన్‌బార్ పాటలతో 'క్లోరిండీ' అనే సంగీత ప్రదర్శన 1898లో బ్రాడ్‌వేలో ఆడింది. బెర్ట్ విలియమ్స్, జార్జ్ వాకర్, ఐడా ఓవర్టన్ వాకర్ 1903లో 'ఇన్ దహోమీ' నాటకాన్ని లండన్ తీసుకెళ్లి బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ప్రదర్శించారు. కవాతు తాళం నిలకడగా నడుస్తుంటే స్వరాలు దెబ్బ మీద పడకుండా అటూ ఇటూ జరగడం ఈ నృత్య సంగీతం ప్రత్యేకత. ర్యాగ్‌టైమ్ అనే సంగీత బాణీకీ అదే ప్రాణం. ఆ బాణీలో స్కాట్ జాప్లిన్ రాసిన 'మేపుల్ లీఫ్ ర్యాగ్' 1899లో అచ్చయింది. 1908 నాటికి ఫ్రాన్సులో స్వరకర్త దెబుస్సీ కూడా తన పియానో రచనల్లో కేక్‌వాక్‌కు చోటిచ్చాడు.

తేలికైన గెలుపన్న అర్థం ఈ మాటకు స్థిరపడిపోయింది. ఆ నడకలో మాత్రం తేలికైనదేదీ లేదు. కొరడా పట్టినవాడి ఎదుటే వాణ్ని వెక్కిరించడానికి ఎంత గుండెధైర్యం కావాలి! ఇకమీదట ఈ మాట వాడేటప్పుడు ఆ మనుషుల్ని ఒక్కసారి తలుచుకుందాం.