కొర్ర కాస్తా 'కొర్‌ర' ఎందుకైంది?

మా జహీరాబాద్ చేలల్లో పండే జొన్న, కొర్ర, సజ్జల లెక్కతో పైథాన్‌లో ఒక బార్ చార్ట్ గీశాను. మొదట పేర్ల చోట ఖాళీ డబ్బాలు వచ్చాయి. తెలుగు ఫాంట్ పెడితే కొర్ర కాస్తా 'కొర్‌ర' అయి కూర్చుంది. మా పెద్దమ్మ కూడబలుక్కుని చదివి, "ఇదేం పంట బిడ్డా?" అంది. పండించేది ఆమెనే మరి!

దీని వెనక కొంచెం చరిత్ర ఉంది. ఆ లైబ్రరీ పేరు మ్యాట్‌ప్లాట్‌లిబ్. జాన్ హంటర్ అనే అమెరికా న్యూరోసైన్స్ పరిశోధకుడు మూర్ఛ రోగుల మెదడు సంకేతాలు చూసుకోవడానికి మొదలుపెట్టి, 2003లో విడుదల చేశాడు. డబ్బు కట్టి వాడే మ్యాట్‌ల్యాబ్‌కి బదులన్నమాట. పాపం, 2012లో 44 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు.

ఇంగ్లీషులో అక్షరం పక్కన అక్షరం పెడితే చాలు. మనకట్లా కుదరదు. ర, పొల్లు, ర అనే మూడు కోడ్‌లు కలిస్తేనే 'ర్ర'. ఆ కలిపే పని హార్ఫ్‌బజ్ లాంటి సాఫ్ట్‌వేర్‌ది. నేను వాడిన వెర్షన్‌లో అది జరగలేదు, బ్రౌజర్లలో జరుగుతుంది. అందుకే అదే చార్ట్ బ్రౌజర్‌లో గీసే ప్లాట్లీతో మళ్లీ గీశాను. ఈసారి పెద్దమ్మ పేరు ఆపకుండా చదివి, సజ్జ లెక్క తప్పని పట్టుకుంది.